తాళం వెయ్యని జాబితా

తొంభై ఒకటి.

కొలతలమ్మ కళ్ళజోడు తీసి, రుమాలుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. తొంభై ఒకటే. నిన్న సోమవారం పొద్దున ఇదే చోట డెబ్బై ఉంది. ఒక్కరోజు తిరిగేసరికి ఇరవై ఒక్క మార్కులు పెరిగాయి. అదీ ప్రోగ్రాములో ఒక్క అక్షరం మారకుండా! ఏం తిని పెరిగిందమ్మా ఇది, అనుకుంది.

ఆమెకి ఆ పేరు ఆఫీసువాళ్ళు పెట్టారు, ఏదీ కొలవందే నమ్మదని. టీలో చక్కెర కూడా కొలిచి వేసుకుంటుందని వెనకాల నవ్వుకుంటారు. నవ్వుకోనీ. పదిహేనేళ్ళుగా ఆమె ఉద్యోగమే అది. ఎవరో వచ్చి మా పద్ధతి గొప్పదంటారు. ఏదీ, చూద్దాం పట్టండి, అంటుందామె.

ఈసారి చూడాల్సింది ఆస్పత్రుల మందుల కౌంటర్లలో నడిచే సాఫ్ట్‌వేర్. మూడు లక్షల లైన్ల కోడు, పన్నెండేళ్ళుగా వచ్చినవాళ్ళూ పోయినవాళ్ళూ తలా ఒక చెయ్యి వేసి పెంచింది. పిల్లల డోసు లెక్క మార్చండని ఆస్పత్రివాళ్ళు అడిగితే, మార్చడం అరగంట పని. ఆ లెక్క మూడు లక్షల లైన్లలో ఎక్కడెక్కడ ఉందో పట్టుకోవడం మూడు రోజుల పని. ఒకచోట బుద్ధిగా పేరు పెట్టుకుని కూర్చునుంటుంది. ఇంకో నాలుగుచోట్ల ఊరూ పేరూ లేకుండా నక్కి ఉంటుంది. ఆ నాలుగూ వదిలేసి మార్చారంటే కొంప మునిగినట్టే.

అలా వెతికి పట్టుకునే పద్ధతులు నాలుగు పోటీకి పెట్టారు. మాట పెట్టి వెతికేది ఒకటి. ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు ఏ భాగాలు కదిలాయో చూసేది ఒకటి. పాత మార్పుల చరిత్ర తిరగేసేది ఒకటి. నాలుగోది డైరెక్టరుగారు కొత్తగా చేయించిన 'జాడ'. ఇది తనంతట తనే కోడు చదివి అర్థం చేసుకుంటుందట. జాడకి ఎనభై అయిదు దాటితే మరమ్మతు గది మూసేస్తామని డైరెక్టరుగారు బాహాటంగానే చెప్పారు. ఆ గదిలో ఉండేది ఇద్దరు. పన్నెండేళ్ళుగా ఆ కోడుకి అతుకులేస్తున్న మేస్త్రి, ఏడేళ్ళుగా ఆయన పక్క కుర్చీలో కూర్చునే చెల్లెమ్మ. మేస్త్రి చెల్లెమ్మా అని పిలవగా పిలవగా ఆఫీసంతటికీ ఆమె చెల్లెమ్మే అయిపోయింది.

మార్కులెయ్యాలంటే ముందు సరైన జవాబులంటూ ఉండాలి కదా. దానికో పద్ధతుంది. ఇరవై పనులు ఎంచుకోవాలి. ఒక్కొక్క పనీ కోడులో ఎక్కడెక్కడుందో ఇద్దరు మనుషులు, ఒకరి మొహం ఒకరు చూడకుండా, విడివిడిగా చదివి గుర్తులు పెట్టాలి. ఆ తర్వాత ఎదురెదురుగా కూర్చుని తేడాలు తేల్చుకోవాలి. ఒక చోటు జాబితాలో చేరాలన్నా ఇద్దరి గుర్తూ పడాలి, పోవాలన్నా ఇద్దరి గుర్తూ పడాలి. అప్పుడు జాబితాకి తాళం వేస్తారు. ఇక దేవుడొచ్చి చెప్పినా అందులో అక్షరం మారకూడదు. తాళం పడ్డాకే పోటీ. జాబితాలో నూటికి ఎన్ని చోట్లు పట్టుకుంటే అన్ని మార్కులు. చదివింది మేస్త్రీ చెల్లెమ్మా. అయిదు వారాలు చదివారు, కళ్ళు వాచేలా.

ఆ తాళం దగ్గరే కొలతలమ్మ కాలు జారింది. "రెండు రోజులు తెరిచి ఉంచండి మేడమ్, చిన్నచిన్న దిద్దుబాట్లుంటాయి" అన్నారు డైరెక్టరుగారు. పదిహేనేళ్ళలో ఎవరు అడిగినా కుదరదన్న మనిషి, ఆవేళ ఏ లోకంలో ఉందో, సరేనండీ అనేసింది. పైగా సోమవారం పొద్దున, వచ్చిన ఫలితాలు కూడా ఆ జాబితా పక్కనే పెట్టి అందరికీ పంపింది.

ఇప్పుడు ఆ జాబితా తెరిచింది. రెండు వందల పన్నెండు చోట్లుండాలి. నూట అరవై మూడున్నాయి.

పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, స్కేలు అడ్డం పెట్టుకుని ఒక్కొక్క లైనే చూసుకుంటూ పోయింది. పోయినవి నలభై తొమ్మిది. జాడకి దొరికిన చోట్లు నూట నలభై ఎనిమిది, అందులో ఒక్కటంటే ఒక్కటి పోలేదు. పోయినవన్నీ జాడకి దొరకనివే. దొరకనివి అరవై నాలుగుంటే నలభై తొమ్మిది ఊడ్చేసి, చూసేవాళ్ళకి అనుమానం రాకుండా, బుగ్గన దిష్టిచుక్క పెట్టినట్టు పదిహేను వదిలారు.

"ఛీ" అంది పైకే. పక్క టేబులు అతను తలెత్తి చూశాడు.

"మిమ్మల్ని కాదులెండి" అని లేచింది.

డైరెక్టరుగారు కుర్చీలో వెనక్కి వాలి, సావధానంగా విన్నారు. ఆయన ఎప్పుడూ సావధానంగానే వింటారు. వింటున్నప్పుడు పెన్ను మూత తీసి పెడుతుంటారు, తీసి పెడుతుంటారు.

"నలభై తొమ్మిదీ ఇద్దరూ ఒప్పుకునే తీశారు కదా మేడమ్. పక్కన ఇద్దరి గుర్తులూ ఉన్నాయిగా?"

"ఉన్నాయండీ. కానీ పోయినవన్నీ జాడకి దొరకనివే. ఒక్కటి కూడా..."

"అంటే ఏమిటన్నమాట? జాడ చెప్పింది చూశాక వాళ్ళకే తెలిసొచ్చింది, అవి అనవసరంగా పెట్టామని. మంచిదేగా. మనుషులకి నేర్పే సాధనం చేశామంటే అంతకన్నా ఏం కావాలి?"

పరీక్ష రాసినవాడి పేపరు చూసి జవాబులు దిద్దుకోవడాన్ని ఇంత నాజూగ్గా చెప్పొచ్చని కొలతలమ్మకి ఇన్నాళ్ళూ తెలియదు.

"జాబితా పాతదే పెడతానండీ" అంది.

"మేడమ్" అన్నారాయన, పెన్ను మూత పెట్టేసి. "మీరు కొలిచే మనిషి. కొలిచి ఎంతొచ్చిందో చెప్పండి చాలు. ఏది కొలవాలో చెప్పడం మీ పని కాదు. శుక్రవారం బోర్డు మీటింగు. మీ సంతకంతో తొంభై ఒకటి నా టేబులు మీదుండాలి."

మళ్ళీ నవ్వుతూ, "టీ తాగి వెళ్ళండి" అన్నారు. ఆయన టీ ఎవడిక్కావాలి!

మరమ్మతు గది మెట్ల కింద ఉంటుంది. కిటికీ లేదు. గోడలకి కాగితాలు, కాగితాల మీద పెన్సిలు బాణాలు. మేస్త్రి స్క్రీను మీద చదవడు. అచ్చు తీసుకుని, వేలు తడి చేసుకుని పేజీ తిప్పుతూ, మార్జినులో పెన్సిలుతో గీతలు గీస్తూ చదువుతాడు. ఒక్కొక్క లైను కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ. యాభై నాలుగేళ్ళు దాటాయి. పన్నెండేళ్ళుగా ఈ కోడు తప్ప ఇంకో కోడు మొహం చూసి ఎరగడు.

చెల్లెమ్మ కుర్చీ ఖాళీగా ఉంది. దాని వీపుకి ఆమె స్వెట్టరు వేలాడుతోంది.

"చెల్లెమ్మేదండీ?"

"పోయిన గురువారం నించీ సెలవమ్మా. వాళ్ళమ్మగారికి తుంటి ఆపరేషను. ఆస్పత్రిలోనే ఉంటోంది పాపం. వచ్చే సోమవారం వస్తుంది."

కొలతలమ్మ ఆ స్వెట్టరు వంకే చూస్తూ నిలబడింది. గుర్తులు పడింది నిన్న, సోమవారం. ఆస్పత్రి వరండాలో కూర్చున్న మనిషి గుర్తు ఇక్కడెలా పడింది?

అంతే, ఆమెకి ఒళ్ళు మండిపోయింది. వీళ్ళిద్దరి పేర్లూ వాడుకుని ఎవడో ఈ పని చేశాడు. ఎవడో ఏమిటి, పెన్ను మూత తీసి పెట్టే ఆ పెద్దమనిషే! వీళ్ళ కుర్చీలు పీకడానికి వీళ్ళ చేతులే అరువు తెచ్చుకున్నాడు.

"మేస్త్రిగారూ, జాబితాలోంచి నలభై తొమ్మిది చోట్లు కొట్టేశారు, చూశారా?"

మేస్త్రి పెన్సిలు చెక్కుకుంటున్నాడు. పొట్టు జాగ్రత్తగా ఓ కాగితంలోకి రాలుస్తున్నాడు.

"వదిలెయ్యమ్మా" అన్నాడు. "ఉన్నా పోయినా ఇప్పుడేమిటి. పెద్దవాళ్ళ వ్యవహారం."

"ఎలా వదిలేస్తాం? ఆ లేబుల్ ప్రింటులో చుక్క చూసే చోటు మీరే కదా నాకు చూపించారు? అది కూడా కొట్టేశారు. శుక్రవారం ఇది బోర్డుకి వెళ్తే ఈ గది మూసేస్తారండీ. మీరిద్దరూ రోడ్డున పడతారు."

"నువ్వు మంచిదానివమ్మా" అన్నాడు మేస్త్రి, తలెత్తకుండా. పెన్సిలు మొన విరిగింది. మళ్ళీ మొదట్నించి చెక్కడం మొదలెట్టాడు.

పాపం, భయపడుతున్నాడు అనుకుంది కొలతలమ్మ. ఈ వయసులో ఈ మనిషిని ఇలా బెదిరిస్తారా, సిగ్గుండక్కర్లా!

సాయంత్రం ఇంట్లో అత్తగారు డైనింగు టేబులు ముందు కూర్చుని బీన్స్ తరుగుతోంది. ముప్ఫై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పి, కట్టలకొద్దీ పేపర్లు దిద్ది రిటైరయిన మనిషి. బీన్స్ ముక్కలన్నీ ఒకే పొడుగుండాలి ఆవిడకి. కోడలు చెప్పిందంతా విని, కత్తి కింద పెట్టింది.

"అంటే, పిల్లాడు ఏది రాస్తే అదే సరైన జవాబన్నారన్నమాట."

"అంతేనత్తయ్యా."

"థూ" అంది అత్తగారు. నిజంగానే లేచి వెళ్ళి సింకులో ఉమ్మి, నోరు కడుక్కుని వచ్చింది. "మా బళ్ళో ఒకాయన ఇలాంటి పనే చేస్తే ఏడాదిపాటు ఆయన పక్కన కూర్చుని కాఫీ తాగలేదు నేను." మళ్ళీ కత్తి తీసుకుంది. కాసేపు తరిగి, "అది సరేగానీ, ప్రశ్నపత్రం బీరువాకి తాళం ఎందుకెయ్యలేదు నువ్వు?" అంది.

కొలతలమ్మ బీన్స్ ఈనెలు తీస్తూ కూర్చుంది.

బుధవారం పొద్దున్నే వచ్చి పని మొదలుపెట్టింది. వాదనలెందుకు? ఆపి చూస్తే తెలిసిపోతుంది. కొట్టేసిన నలభై తొమ్మిది చోట్లలో ఒక్కొక్కదాన్నీ, ఒక్కదాన్నే, కోడులో పనిచెయ్యకుండా ఆపాలి. ఆపి, ఆ పని మొత్తం మొదట్నించి చివరిదాకా నడపాలి. పని చెడిపోయిందా, ఆ చోటు దానిదే. చెడలేదా, కాదు. ఒక్కోదానికి పదిహేను ఇరవై నిమిషాలు. నోట్సు పుస్తకంలో గళ్ళు గీసుకుంది.

లేబుల్ చోటుతో మొదలెట్టింది. ఆ ఫైలు పేరు 'కాగితం అంచులు సర్దేది'. పేరు చూసినవాడెవడూ దానికీ డోసుకీ సంబంధముందనుకోడు. జాడ కూడా అనుకోలేదు. ఎప్పుడో ఒక ప్రింటరు అంకెల మధ్య చుక్క మింగేస్తోందని, ఎవడో మహానుభావుడు ఆ చుక్క నిలబెట్టే నాలుగు లైన్లు తీసుకెళ్ళి కాగితం అంచుల్లో పెట్టిపోయాడు. కొలతలమ్మ ఆ నాలుగు లైన్లు ఆపింది. ఆరు కిలోల బిడ్డ బరువు వేసింది. స్క్రీను మీద డోసు రెండున్నర అని సరిగ్గానే వచ్చింది. ప్రింటు నొక్కింది. సీసాకి అంటించే లేబుల్ గరగరమంటూ బయటికొచ్చింది.

ఇరవై అయిదు.

ఆ చీటీ పక్కన పెట్టి, ఆ నాలుగు లైన్లు మళ్ళీ నడిపించి ఇంకో చీటీ తీసింది, రెండున్నర. ఈ చోటు లెక్కలోది కాదని ఇద్దరు మనుషుల గుర్తులు పెట్టి కొట్టేశారు. రేపు జాడని నమ్ముకుని ఎవడో కుర్రాడు డోసు లెక్క మారుస్తాడు, దీన్ని వదిలేస్తాడు. ఏ తల్లో ఆ సీసా మీద రాసింది రాసినట్టు చెంచాతో కొలిచి పోస్తుంది. తొంభై ఒకటట, తొంభై ఒకటి! ఆ అంకె తల్చుకుంటేనే నోరంతా చేదయ్యింది.

బుధవారం ఇరవై రెండు అయ్యాయి. గురువారం మధ్యాహ్నానికి మిగిలినవీ అయ్యాయి. నలభై నాలుగు చోట్లు ఆపగానే పని చెడింది. అయిదు చోట్ల ఏమీ కాలేదు. ఆ అయిదూ మేస్త్రీ చెల్లెమ్మా పొరపాటున పెట్టినవే. అవి చూడగానే ఆమెకి మొదట వచ్చిన ఆలోచన, వీటి సంగతి చెప్పకపోతేనేం అని. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే ఏవగింపు పుట్టింది. అయిదూ కొట్టేసింది. రెండు వందల ఏడులో నూట నలభై ఎనిమిది. డెబ్బై ఒకటిన్నర. అదీ జాడ బతుకు.

ఇక మిగిలింది ఒక్కటే. ఆ గుర్తులు ఏ కంప్యూటరు మీంచి పడ్డాయో సర్వరులో రాసుంటుంది. డైరెక్టరుగారి గది నంబరు కనిపిస్తుందని తెలిసే తెరిచింది. ఆ కాగితం బోర్డు ముందు పెట్టి ఆయన పెన్ను మూత ఎలా బిగుసుకుపోతుందో చూడాలని, ఆ ఉత్సాహంతోనే తెరిచింది.

సోమవారం ఒంటిగంటా పది నించి ఒంటిగంటా ఇరవై ఒకటి దాకా. పదకొండు నిమిషాల్లో నలభై తొమ్మిది లైన్లు. ఒక్కో లైనుకి ముందు మేస్త్రి గుర్తు, వెంటనే చెల్లెమ్మ గుర్తు. రెండూ మరమ్మతు గదిలో మేస్త్రి కంప్యూటరు మీంచే.

మళ్ళీ చదివింది. నంబరు మళ్ళీ సరిచూసుకుంది. ఆ సోమవారం ఒంటిగంటకి డైరెక్టరుగారు ఆమె ఎదురుగానే క్యాంటీనులో భోంచేస్తున్నారు. పెరుగు పుల్లగా ఉందని వెయిటరుని కసురుకున్నారు కూడా.

మేస్త్రి టీ మిషను దగ్గర దొరికాడు. చేతిలో కప్పు, కప్పులో బిస్కెట్టు నానుతోంది.

"ఒంటిగంటా పది నించి ఇరవై ఒకటి దాకా" అంది కొలతలమ్మ. ఇంకేం చెప్పలేదు.

బిస్కెట్టు విరిగి టీలో పడిపోయింది. మేస్త్రి దాని వంకే చూశాడు.

"ఒక్క కుర్చీ ఉంచుతానన్నారమ్మా" అన్నాడు. "జాడని చూసుకోవడానికి ఒక మనిషి కావాలి కదా. మార్కులు దాటితే ఆ కుర్చీ నాకన్నారు. ఏం చెయ్యమని చెప్పలేదు ఆయన. ఏమీ చెప్పలేదు. ఫలితాలు ఇటు తిప్పి చూపించారంతే."

"మరి చెల్లెమ్మో?"

"అది చిన్నది. నలభై కూడా లేవు. చదువుకుంది, ఎక్కడైనా దొరుకుతుంది దానికి. నన్నెవరు రానిస్తారు గుమ్మంలోకి? ఈ కోడు తప్ప నాకేం వచ్చని? ఇంకో నాలుగేళ్ళు గడిస్తే చాలు నాకు."

"ఆమె పాస్‌వర్డు మీకెలా తెలుసు?"

"అదే ఇచ్చింది. అమ్మ ఆపరేషను కదన్నయ్యా, ఏదైనా అర్జంటుగా వస్తే నా వైపు నించి మీరే చూసెయ్యండి అని" అన్నాడు. అంటూ ఉండగానే ఆ మాట తనకే ఎలా వినిపించిందో, మొహం అటు తిప్పుకున్నాడు.

ఏడేళ్ళు చెల్లెమ్మా, చెల్లెమ్మా అన్నాడు ఈ నోటితోనే. కొలతలమ్మకి ఆ కప్పు, ఆ నానిన బిస్కెట్టు, మీసానికంటిన టీ, అన్నీ చూస్తుంటే రోత పుట్టింది. రెండు రోజులుగా ఈయన కోసమా తను అన్నం మానుకుని కూర్చుంది?

"నా పేరు బయట పెట్టకమ్మా" అన్నాడు మేస్త్రి. "పన్నెండేళ్ళమ్మా. దొంగ అనిపించి పంపించకు."

ఆమె తన టేబులు దగ్గరికి వచ్చేసింది.

శుక్రవారం మీటింగులో బోర్డు పెద్దావిడ ఒక్కతే శ్రద్ధగా విన్నది. మిగతా నలుగురూ ఫోన్లు చూసుకున్నారు. కొలతలమ్మ డెబ్బై ఒకటిన్నర అనగానే డైరెక్టరుగారు పెన్ను తీశారు.

"ఇద్దరు నిపుణులు ఒప్పుకుని తీసిన చోట్లండీ అవి. మేడమ్ ఎందుకో మళ్ళీ కలుపుతున్నారు."

"నేను కలపడం లేదండీ. ఆపి చూశాను" అని లేబుల్ చీటీలు రెండూ పెద్దావిడ ముందు పెట్టింది. ఒకదాని మీద రెండున్నర, ఒకదాని మీద ఇరవై అయిదు. ఎందుకలా వచ్చిందో రెండే ముక్కల్లో చెప్పింది.

పెద్దావిడ చీటీలు రెండూ పక్కపక్కన పెట్టుకుంది. ఫోన్లు కిందికి దిగాయి. గది మూసే మాట ఇక లేదని, జాడని ఆరునెలలు వెనక్కి పంపమని తేలడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. డైరెక్టరుగారు నిమ్మకు నీరెత్తినట్టు తలాడించి, "భద్రతే ముఖ్యమండీ మనకి, మొదట్నించీ నేను అనేది అదే" అన్నారు. ఆ మాటకి కొలతలమ్మ పళ్ళు గట్టిగా బిగించుకోవాల్సొచ్చింది.

"మరి ఇవి కొట్టేసిందెవరు?" అంది పెద్దావిడ.

గోడవారగా కుర్చీలో మేస్త్రి ఉన్నాడు, సాక్ష్యానికి పిలిపించారు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, తెల్లబడిన గోళ్ళు చూసుకుంటున్నాడు. చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. కాలరు మాత్రం చిరిగింది.

కొలతలమ్మకి అసహ్యం వేసింది, జాలీ వేసింది. జాలిదే పైచేయి అయ్యింది.

"నేను జాబితాకి తాళం వెయ్యలేదండీ. తప్పు నాది" అంది. "గది నిలబడింది కదా. మిగతాది వదిలేద్దాం."

ఆ సాయంత్రం ఇంటికెళ్తుంటే ఆమె మనసు తేలిగ్గానే ఉంది. పెద్దమనసు చూపించానన్న తృప్తి కూడా, ఎందుకు దాచడం, కాస్త ఉంది.

సోమవారం పదకొండింటికి చెల్లెమ్మ ఆమె టేబులు ముందుకొచ్చి నిలబడింది. కళ్ళ కింద నల్లగా ఉంది, ఆస్పత్రి వాసన ఇంకా బట్టలకే ఉంది. చేతిలో రెండు కాగితాలు.

"అమ్మకెలా ఉందండీ?" అంది కొలతలమ్మ.

"నడుస్తోంది. ఇది చూడండి" అని మొదటి కాగితం పెట్టింది. డైరెక్టరుగారు రాసిన ఉత్తరం. మందుల భద్రతకి సంబంధించిన నలభై నాలుగు చోట్లు పోయిన సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకి నిర్లక్ష్యంగా తొలగించినందుకు ఇద్దరు పరిశీలకులూ మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే చర్య తీసుకుంటామని. బోర్డుకి నకలు.

"ఇది మేస్త్రిగారి జవాబు. శుక్రవారం సాయంత్రమే ఇచ్చేశారట. నా బల్ల మీద ఒక కాపీ పెట్టారు" అని రెండోది పెట్టింది.

నాలుగే లైన్లు. చెల్లెమ్మ ముందు గుర్తు పెట్టిందని, ఆమె చదువుకున్న మనిషి కాబట్టి ఆమె మీద నమ్మకంతో తనూ పెట్టానని, ఇకమీదట జాగ్రత్తగా ఉంటానని. చేతిరాత గుండ్రంగా, శుభ్రంగా ఉంది.

కొలతలమ్మకి ఆ కాగితం ముట్టుకోవాలనిపించలేదు.

"పోయిన సోమవారం ఒంటిగంటకి మా అమ్మ ఆపరేషను థియేటర్లో ఉంది" అంది చెల్లెమ్మ. గొంతు పెంచలేదు. "నేను బయట బెంచీ మీదున్నాను. నా గుర్తెలా పడింది?"

"చెల్లెమ్మా, అదీ... గది నిలబడాలని..."

"మీకు తెలుసా?"

కొలతలమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టింది.

"తెలుసు" అంది చెల్లెమ్మే. "శుక్రవారానికే తెలుసు మీకు. బోర్డులో ఆవిడ అడిగిందట కదా ఎవరు కొట్టేశారని. నాది కాదని ఒక్క మాట అనలేకపోయారు. ఇప్పుడు అక్కడ కూర్చున్నవాళ్ళందరి లెక్కలో చంటిబిడ్డల మందు చుక్క కొట్టేసింది నేను. ఆయన ముసలివాడని జాలిపడ్డారు. బాగుంది. ఆ జాలి ఎవరి నెత్తిన రుద్దారో చూసుకున్నారా?"

నలుగురు తలెత్తి చూశారు. చెల్లెమ్మ కాగితాలు తీసుకుని, మడత పెట్టుకుని వెళ్ళిపోయింది.

కొలతలమ్మ ఫైలు తెరిచింది. నివేదిక చివర, కొట్టేసిన లైన్ల పట్టిక కింద రాసింది. ఈ నలభై తొమ్మిది గుర్తుల జతలూ పడిన తేదీ, సమయం, ఏ కంప్యూటరు మీంచి. రెండో పరిశీలకురాలు ఆ రోజు సెలవులో ఉన్నారని. ఆమె పాస్‌వర్డుతో ఆ గుర్తులు పెట్టింది మొదటి పరిశీలకుడేనని, ఆయనే తనతో ఒప్పుకున్నారని. ఈ పనికి ఒక కుర్చీ ఆశ చూపించింది డైరెక్టరుగారని ఆయన అన్నారని. అక్కడ ఆగింది. ఇంతవరకూ రాసిందంతా ఎవరెవరి గురించో. ఇంకో లైను కలిపింది. 'ఈ విషయాలన్నీ నాకు గురువారం మధ్యాహ్నానికే తెలుసు. శుక్రవారం బోర్డు అడిగినప్పుడు చెప్పలేదు.' కింద సంతకం పెట్టి, బోర్డులో అందరికీ, డైరెక్టరుగారికీ, మెట్ల కింద గదిలో ఇద్దరికీ పంపేసింది.

పావుగంట ఆగి మెట్ల కిందికి వెళ్ళింది. ఎందుకెళ్ళిందో చెప్పడం కష్టం. ఒక మంచి మాట కోసం కాదని మాత్రం అనలేం.

గుమ్మంలోంచి చూస్తే మేస్త్రి తన కుర్చీలోనే ఉన్నాడు, చెల్లెమ్మ స్క్రీను మీద ఆ నివేదికే ఉంది. చివరిదాకా చదివి, మళ్ళీ పైనించి చదివింది. మూసేసింది. తలెత్తి కొలతలమ్మని చూసింది. లేచి, డ్రాయర్లోంచి పెన్నులు, కళ్ళద్దాల పెట్టె, స్టేప్లరు ఒక్కొక్కటే తీసి అట్టపెట్టెలో వేసుకుంది. స్వెట్టరు మడిచి పైన పెట్టింది. కంప్యూటరు వైర్లు ఊడదీసి చుట్టింది. పెట్టె తీసుకెళ్ళి బయట నడవాలో, నీళ్ళ డబ్బా పక్కన పెట్టి వచ్చింది. ఇక అక్కడికి జరపాల్సింది టేబులు ఒక్కటే. పాత ఇనప టేబులు, ఇద్దరు పట్టుకుంటే గానీ కదలదు. ఈ చివర పట్టుకుని లాగింది. కాళ్ళు నేల మీద కీచుమన్నాయి.

మేస్త్రి గభాలున లేచి అవతలి చివరకి వచ్చాడు. గుమ్మం దగ్గర్నించి కొలతలమ్మ కూడా వచ్చి చెయ్యి చాచింది.

"మీరు చెయ్యి వెయ్యకండి" అంది చెల్లెమ్మ, తల వంచుకునే, టేబులు లాగుతూనే.

మేస్త్రి ఆగిపోయాడు. ఆ మాట ఆయన్నే అందా, తననీ కలిపే అందా తెలియక, కొలతలమ్మ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.